ఆ తల్లి ఎవరికి చెప్పుకోవాలి?

జుమా నమాజు ముగిసి జనం వెళ్లిపోయాక జూలూరుపాడులో మా మస్జిద్ గేటు దగ్గర ఒక తల్లి నిలబడి ఉంది. దుపట్టా అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేకపోతోంది. నేను ఆమెను ఎరుగుదును. భర్త పత్తి, మిర్చి కొనుగోళ్ల కాలంలో కాంటాల దగ్గర పని చేస్తాడు. ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద నాలుగు రూపాయలు సంపాదిస్తుంది. హైదరాబాదులో చదువుకుంటున్న పెద్దకొడుకు చదువు మధ్యలో ఆపేసి కొన్ని నెలలుగా ఇంటి దగ్గరే ఉంటున్నాడు. (ఆ కుటుంబాన్ని ఎవరూ ఆనవాలు పట్టకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.)

"భాయ్‌సాబ్, మావాడు చెడు తిరుగుళ్లు తిరిగే పిల్లగాడు కాదు. సిగరెట్టు ముట్టడు, నమాజు వదలడు. అందుకే నా భయం ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు" అంది.

ఆమె భయానికి కారణాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. రాత్రి రెండింటిదాకా ఫోను. ఉర్సుకు వెళ్లి వచ్చాడని తండ్రితో మాటలు మానేశాడు. మన ఇమాం వెనుక నమాజు చెల్లదని తమ్ముణ్ణి మస్జిద్‌కు రానివ్వడం లేదు. పక్కింటి పద్మక్క సంక్రాంతికి పంపిన అరిసెలను గిన్నెతో సహా బయట పెట్టాడు. ఆ పద్మక్క ఎవరో కాదు, ఈ తల్లి టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు ఆ పిల్లవాడికి నెల రోజులు అన్నం కలిపి తినిపించిన మనిషి. ఒక రాత్రి అతని ఫోనులో ఎవరో చచ్చినవాళ్ల లెక్కను సంబరంగా చెబుతుంటే ఈమె విన్నది. "వాళ్లూ ఒక తల్లి కన్న బిడ్డలే కదరా" అంటే, "నీకు తెలియదమ్మీ" అన్నాడట. అంతే, ఇంకేమీ అనలేదట.

"పోలీసులకు చెబితే వాడు నాకు దక్కడు. చెప్పకపోతే ఇంకెవరి బిడ్డ వాళ్లకు దక్కకుండా పోతాడో తెలియదు. ఎవరికి చెప్పుకోవాలి భాయ్‌సాబ్?"

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ నెల ఈ శీర్షికకు మరో విషయం అనుకుని సగం రాసి పెట్టుకున్నాను. దానిని పక్కన పెట్టేశాను.

ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికి ఒక దేశం ఎంత సంసిద్ధంగా ఉందన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మన చర్చలన్నీ ఆయుధాల చుట్టూ, కెమెరాల చుట్టూ, ప్రత్యేక దళాల చుట్టూ తిరుగుతుంటాయి. అవి అవసరం లేదని నేను అనను. కానీ ప్రశాంతమని పేరుపడ్డ దేశాలు దెబ్బతిన్న వైనాన్ని కాస్త నిదానంగా పరిశీలిస్తే, దాదాపు ప్రతిచోటా ఎవరో ఒకరు ముందుగానే చెప్పారని, చెప్పినది వినవలసినవారు వినలేదని తెలుస్తుంది.

న్యూజిలాండ్‌నే తీసుకుందాం. 2019 మార్చి 15, శుక్రవారం. క్రైస్ట్‌చర్చ్ నగరంలోని అల్ నూర్ మస్జిద్‌లో, ఆ తర్వాత లిన్‌వుడ్ ఇస్లామిక్ కేంద్రంలో ఒక్కడే దుండగుడు జుమా నమాజుకు వచ్చినవారిపై కాల్పులు జరిపి 51 మంది ప్రాణాలు తీశాడు. వారిలో మూడేళ్ల పసివాడూ ఉన్నాడు. మన హైదరాబాదు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లినవారూ ఉన్నారు. ఆ శుక్రవారం రాత్రి మన పాతబస్తీ ఇళ్లలో ఎన్ని ఫోన్లు మోగాయో, ఎన్ని ఫోన్లకు అవతల ఎవరూ పలకలేదో ఊహించుకోవలసిందే. హంతకుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఆ దేశపు చట్టం ప్రకారమే లైసెన్సు తీసుకుని తుపాకులు కొన్నవాడు. ఆనాటికి న్యూజిలాండ్‌లో ఉగ్రవాద ముప్పు స్థాయి ఏమిటంటే, అధికారిక లెక్కలో 'తక్కువ'.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ దేశంలోని ముస్లిం మహిళల సంస్థ, ఇస్లామిక్ విమెన్స్ కౌన్సిల్ ఆఫ్ న్యూజిలాండ్, అంతకుముందు కొన్నేళ్లుగా ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరుగుతూ ఉండింది. వీధిలో ఎదురవుతున్న దూషణలు, పెరుగుతున్న ద్వేషం, మస్జిద్‌లకు పొంచి ఉన్న ప్రమాదం గురించి పదే పదే మొరపెట్టుకుంది. దాడి తర్వాత ఏర్పడిన రాయల్ కమిషన్ నివేదిక 2020 డిసెంబరులో వెలువడింది. నిఘా సంస్థలు తమ శక్తియుక్తులను ముస్లిం తీవ్రవాదం అనే ఒక్క దిక్కుకే తగని రీతిలో కేంద్రీకరించాయని ఆ కమిషన్ తప్పుబట్టింది. తుపాకీ లైసెన్సు ఇచ్చిన తీరులోని లోపాలనూ ఎత్తిచూపింది. అయితే ఆ లోపాలు లేకపోయి ఉంటే ఈ హంతకుడు తప్పకుండా దొరికిపోయేవాడని మాత్రం అనలేదు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. ఒంటరిగా, మౌనంగా పన్నాగం పన్నేవాడిని పట్టుకోవడం ఎంత సమర్థుడైన పోలీసుకైనా కష్టమే. కానీ కాపు కాసేవాడు ఒకే దిక్కుకు చూస్తూ నిలబడితే, రెండో దిక్కు ఎవరిదో చెప్పనక్కరలేదు.

ఆ దేశం తర్వాత చేసినది కూడా చెప్పుకోవాలి. నెల తిరగకముందే సైనిక తరహా తుపాకులను నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రధానమంత్రి జసిండా ఆర్డర్న్ తలపై వస్త్రం కప్పుకుని బాధిత కుటుంబాల మధ్య కూర్చుంది. ఇక లిన్‌వుడ్‌లో చేతికి దొరికిన కార్డు యంత్రాన్నే విసురుతూ హంతకుణ్ణి తరిమిన మనిషి ఒక సామాన్య నమాజీ. ఆయనకు ఏ ప్రత్యేక దళంలోనూ శిక్షణ లేదు.

అదే సంవత్సరం, నెల దాటిన కొద్ది రోజులకు, శ్రీలంక. ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. మూడు చర్చిలు, మూడు పెద్ద హోటళ్లు. 260 మందికి పైగా అమాయకులు మరణించారు. ఈసారి హంతకులు మన పేర్లు పెట్టుకున్నవారు, మన కలిమా పలికేవారు. ఇది చదువుతుంటే మన గొంతులో ఏదో అడ్డుపడుతుంది. పడనివ్వండి. దాటవేయడం మనకు తగదు.

ఆ ముఠాకు నాయకుడైన జహ్రాన్ హాషిం తూర్పు తీరంలోని కాత్తాన్‌కుడి అనే ముస్లిం పట్టణానికి చెందినవాడు. అక్కడి ముస్లిములే అతణ్ణి మొదట గుర్తించారు. సూఫీ సంప్రదాయంవారిపై అతని అనుచరులు 2017లో దౌర్జన్యానికి దిగినప్పుడు అతనిపై వారెంటు జారీ అయింది, అతడు పారిపోయాడు. అతని ప్రసంగాల గురించి ఆ ఊరివారు అధికారులకు ఫిర్యాదులు చేశారు. చివరికి ఏప్రిల్ 4న మన భారతదేశపు నిఘా వర్గాలు సైతం దాడి జరగబోతోందని హెచ్చరించాయి. కానీ ఆ దేశాధ్యక్షుడికీ ప్రధానమంత్రికీ అప్పటికే పొసగడం లేదు. జాతీయ భద్రతా మండలి సమావేశాలకు ప్రధానిని పిలవడమే మానేశారు. హెచ్చరిక ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి వెళ్లింది గాని, చర్చి గుమ్మం దాకా రాలేదు. 2023 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుణ్ణి బాధ్యుణ్ణి చేస్తూ, బాధితులకు 10 కోట్ల శ్రీలంక రూపాయలు సొంతంగా చెల్లించమని ఆదేశించింది.

దాడులు జరిగిన ఐదు రోజులకు సాయిందమరుదు అనే ఊరిలో కొత్తగా అద్దెకు దిగినవారిని చూసి అనుమానించి అధికారులకు కబురు చేసింది కూడా స్థానిక ముస్లిములే. ముఠాలో మిగిలినవారిలో కొందరు అక్కడే తమను తాము పేల్చుకుని చనిపోయారు. చనిపోయిన ఆ హంతకులకు తమ శ్మశానాల్లో చోటు ఇవ్వబోమని ఆ దేశపు ఉలమాలు ప్రకటించారు. అయినా మే నెల నడిమికల్లా ముస్లిముల దుకాణాలు, మస్జిద్‌లు తగలబడ్డాయి. ముందే చెప్పినవారికి దక్కిన బహుమతి అది! ఈ అన్యాయాన్ని తలచుకుంటే కోపం వస్తుంది. కానీ కాత్తాన్‌కుడి పౌరులు చెప్పకుండా ఊరుకుని ఉంటే బాగుండేదని మాత్రం నేను అనలేను. మీరూ అనలేరు.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. ఆ తల్లి గొంతులోని వణుకు శ్రీలంక నుంచి రాలేదు. అది హైదరాబాదు నుంచి వచ్చింది.

2007 మే 18. మధ్యాహ్నం జుమా నమాజు వేళ మక్కా మస్జిద్‌లో వుజూ చేసే చోటికి దగ్గరలో బాంబు పేలింది. తొమ్మిది మంది మరణించారు. ఆగ్రహంతో వీధిలోకి వచ్చిన జనంపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. ఒకే మధ్యాహ్నం రెండు రకాల మరణాలు. ఆ తర్వాత జరిగినది అందరికీ తెలుసు గాని, మన పిల్లలకు తెలియదు, కాబట్టి చెబుతున్నాను. మస్జిద్‌లో బాంబు పేలి ముస్లిములు చనిపోతే, అనుమానితులుగా పదుల సంఖ్యలో ముస్లిం యువకులనే పట్టుకెళ్లారు. నెలల తరబడి నిర్బంధం, దెబ్బలు తిన్నామన్న ఫిర్యాదులు, ఆగిపోయిన చదువులు, తప్పిపోయిన పెళ్లి సంబంధాలు. చివరికి న్యాయస్థానాలు వారిని నిర్దోషులని విడిచిపెట్టాయి. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మేరకు ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్దోషులుగా తేలిన 20 మందికి మూడేసి లక్షలు, విచారణ కోసం నిర్బంధించి వదిలేసిన 50 మందికి ఇరవై వేల చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వులను కొట్టివేసింది.

కేసు స్థానిక పోలీసుల నుంచి సిబిఐకి, అక్కడి నుంచి జాతీయ దర్యాప్తు సంస్థకు మారింది. ఈసారి హిందూ తీవ్రవాద సంస్థలకు చెందినవారిగా ఆరోపిస్తూ వేరే వ్యక్తులను నిందితులుగా నిలబెట్టారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక న్యాయస్థానం విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ సాక్ష్యాధారాలు చాలవని విడిచిపెట్టింది. అంటే ఆ తొమ్మిది మందిని ఎవరు చంపారు? పదకొండేళ్ల తర్వాత ఆ ప్రశ్న మొదటి రోజు ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో 42 మంది, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో 18 మంది చనిపోయారు. సాయంత్రం పూట పిల్లలతో షికారుకు వచ్చినవారు, మిరపకాయ బజ్జీ తినడానికి ఆగినవారు, బస్సు కోసం నిలబడినవారు. ఈ రెండు కేసుల్లో న్యాయస్థానాలు దోషులను నిర్ధారించి మరణశిక్షలు విధించాయి. ఆ దోషులు ముస్లిములే. దీనినీ మనం దాచుకోనక్కరలేదు. మక్కా మస్జిద్ గాయాన్ని అడ్డం పెట్టుకుని గోకుల్ చాట్ మృతుల గురించి మాట్లాడకుండా తప్పుకోవడం నేను కొన్ని సభల్లో చూశాను. నాకు సిగ్గనిపించింది.

ఆ దెబ్బల తర్వాత రాజ్యం సంసిద్ధమైంది. 2007లోనే ఆక్టోపస్ అనే ఉగ్రవాద నిరోధక దళం ఏర్పడింది. ముంబయి దాడుల దరిమిలా 2008 చివర్లో ఎన్ఐఏ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది జాతీయ భద్రతా దళం హైదరాబాదులో ఒక స్థావరం తెరిచింది. 2013 నాటి ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే దుకాణాలకు, ప్రార్థనా స్థలాలకు, ఆసుపత్రులకు సిసి కెమెరాలను తప్పనిసరి చేసింది. మా జూలూరుపాడు వంటి మండల కేంద్రాల కూడళ్లలో కూడా నేడు కెమెరాలు తలవంచి చూస్తుంటాయి. మంచిదే. అయితే అది చౌరస్తాలో నడిచేవాడిని చూస్తుంది. రాత్రి రెండింటికి దుప్పటి కింద వెలిగే ఫోనును చూసే కెమెరా మాత్రం ఆ ఇంట్లో తల్లి కళ్లే. ఆ తల్లికి 2007 గుర్తుంది. చెబితే తన బిడ్డను మనిషిగా చూస్తారన్న నమ్మకం ఆమెకు లేదు. దేశ భద్రతలో కనబడని కంత అదే.

అడవి అంచున ఉన్న మాకు ఈ సంగతి మరోలా కూడా తెలుసు. ఖమ్మం నుంచి కొత్తగూడెం దారిలో ఉన్న మా ప్రాంతపు పెద్దవాళ్లను అడిగి చూడండి. రాత్రి తలుపు తట్టి అన్నం పెట్టమన్నవారు కొందరు. తెల్లవారాక వచ్చి రాత్రి ఎవరికి అన్నం పెట్టావని అడిగినవారు మరికొందరు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో గ్రేహౌండ్స్ దళం ఈ రాష్ట్రంలోనే పుట్టింది. దానిని తీర్చిదిద్దిన అధికారి కె.ఎస్. వ్యాస్ 1993లో హైదరాబాదు నడిబొడ్డున హతుడయ్యాడు. ఎన్‌కౌంటర్ల పేరిట పోయినవారి సంఖ్య, ఇన్‌ఫార్మర్లని ముద్ర వేయగా పోయినవారి సంఖ్య ఏ ఊరికి ఆ ఊరు వేలి మీద లెక్కపెట్టి చెబుతుంది.

2005లో సరిహద్దు అవతల దంతెవాడ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కొనే పేరుతో ఊరివాళ్ల చేతికే ఆయుధాలిచ్చి ఊరివాళ్ల మీదికి తోలారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చిన ఆదివాసులు భద్రాచలం, కొత్తగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం గొత్తికోయలంటున్నది వారినే. మా ప్రాంతపు మిరప తోటల్లో కాయ కోతకు వచ్చే ఆ ఆడవాళ్ల ముఖాలు చూశాను. ఎవరైనా ఖాకీ రంగు చొక్కా వేసుకుని చేనిలో దిగితే చాలు, చేతులు ఆగిపోతాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. తీర్పు వచ్చింది గాని, వాళ్లలో చాలామంది వెనక్కి వెళ్లలేదు.

ఆ రోజు ఆ తల్లితో మాట్లాడుతుంటే నాకు ఇవేవీ స్ఫురించలేదు. స్ఫురించినది పద్నాలుగు శతాబ్దాల నాటి ఒక సంఘటన.

హజ్రత్ అలీ (రజి) ఖిలాఫత్ కాలంలో ఖవారిజ్ అనే వర్గం ఒకటి బయలుదేరిన సంగతి పాఠకులకు తెలుసు. వారు సుదీర్ఘంగా నమాజు చేసేవారు, ఉపవాసాలుండేవారు. చెట్టు నుంచి రాలిన ఖర్జూరాన్ని యజమాని అనుమతి లేకుండా నోట పెట్టుకున్నందుకు తమవాడినే మందలించిన నిష్ఠాపరులు. ఆ నిష్ఠాపరులే, తమ అభిప్రాయంతో ఏకీభవించలేదని ఒక సహాబీ కుమారుడైన అబ్దుల్లాహ్ బిన్ ఖబ్బాబ్‌ను, గర్భవతి అయిన ఆయన ఇల్లాలిని చంపారు. చరిత్రకారులు ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కనే రాశారు. ఖర్జూరపు పండుకు విలువ కట్టగలిగినవాడు మనిషి ప్రాణానికి కట్టలేకపోయాడు.

హజ్రత్ అలీ (రజి) వారితో వ్యవహరించిన తీరు చూడండి. ఆయనను అవిశ్వాసి అని నిండు మస్జిద్‌లో కేకలు వేసినా, మస్జిద్‌కు రాకుండా ఆపలేదు, ప్రభుత్వ ధనంలో వారి వాటా ఆపలేదు. వారు కత్తి దూయనంతవరకు తామూ దూయబోమని మాట ఇచ్చారు. చర్చించడానికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)ను పంపారు. ఆయన ఒక్కరే, నిరాయుధంగా, మంచి వస్త్రాలు ధరించి వెళ్లి, వారి అభ్యంతరాలేమిటో ముందు వాళ్ల నోటనే చెప్పించుకున్నారు. ఆ చర్చ తర్వాత వేలమంది వెనక్కి వచ్చేశారు. నిరపరాధుల రక్తం కళ్లజూసి, హంతకులను అప్పగించడానికి ఒప్పుకోని మిగిలినవారితోనే నహ్రవాన్ వద్ద యుద్ధం జరిగింది. అభిప్రాయానికి చర్చ, హత్యకు శిక్ష. ఈ రెండింటి మధ్య గీతను ఆయన చెరిపివేయలేదు. చివరకు ఆ వర్గంవాడి కత్తికే, కూఫా మస్జిద్‌లో, ఫజ్ర్ వేళ, హిజ్రీ 40 రమజాన్‌లో అమరులయ్యారు. తీవ్రవాదం తొలి నాటి నుంచీ ముందుగా కొట్టేది మన ఇంటినే అనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు. గుమ్మం దాటిన తండ్రితో మాటలు మానేసిన ఆ కుర్రవాడి సంగతి కూడా ఇంటి నుంచే కదా మొదలైంది?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గడ్డం పెంచడం, ఐదు పూటలా నమాజు చేయడం, సినిమాలు మానేయడం తీవ్రవాద లక్షణాలు కావు. అలా అనుకునే అధికారి తప్పు అధికారి, అలా భయపడే తండ్రి పొరపాటు తండ్రి. చూడవలసినది వేరు. తాను తప్ప మిగిలిన ముస్లిములందరూ భ్రష్టులని అనడం మొదలుపెట్టాడా? పొరుగువారిని పేరుతో కాక ఒక జాతిగా పిలుస్తున్నాడా? ఎక్కడో ఎవరో చనిపోతే అతని ముఖంలో బాధ కనిపిస్తోందా, సంతోషం కనిపిస్తోందా? తల్లికి ఇది తెలుస్తుంది. పోలీసుకు తెలియదు.

మొన్నటి 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపినప్పుడు, వారిలో మన కావలివాడు ఉన్నాడు, విశాఖవాసి ఉన్నాడు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణాలర్పించిన గుర్రాల కాపరి, స్థానిక ముస్లిం, ఆయనా ఉన్నాడు. ఆ శుక్రవారం హైదరాబాదులో నమాజీలు చేతికి నల్ల పట్టీలు కట్టుకున్నారు. మా మస్జిద్‌లో దువా చేశాము. ఆ నెల గడిచాక విజయనగరం, సికింద్రాబాదులకు చెందిన ఇద్దరు యువకులను పేలుడు పదార్థాల కుట్ర ఆరోపణపై అరెస్టు చేశారు. దోషులో నిర్దోషులో తేల్చవలసింది న్యాయస్థానం. కానీ ఆ రెండు ఇళ్లలోనూ తల్లులున్నారు. వారికి ముందు ఏమైనా తెలుసా? తెలిస్తే ఎవరికి చెప్పుకోగలిగారు?

చెబితే ఏమవుతుందో చూపించే ఒక ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2014లో, ఐసిస్‌లో చేరడానికి బయలుదేరిన కొందరు హైదరాబాదు యువకులను కోల్‌కతాలో ఆపి వెనక్కి తెచ్చారు. కేసు పెట్టి జైలుకు పంపకుండా కౌన్సెలింగ్ ఇప్పించి తల్లిదండ్రులకు అప్పగించారు. ఈ మాట చెప్పగానే "చూశారా, పోలీసులు కూడా మంచివాళ్లే" అని ముగించడం సులువు. కానీ వారిలో కొందరు 2015 డిసెంబరులో నాగపూర్ విమానాశ్రయంలో మళ్లీ పట్టుబడ్డారు. మరికొందరు తమ బతుకుల్లో పడ్డారు. కౌన్సెలింగ్ అంటే ఒక మధ్యాహ్నం ఉపన్యాసం కాదని, ఏడాది పొడవునా ఆ పిల్లవాడి పక్కన ఎవరో ఒకరు నడవాలని దీని అర్థం. ఆ పని పోలీసు చేయలేడు. ఇమాం, మేనమామ, పాత మాస్టారు, చిన్ననాటి స్నేహితుడు చేయగలరు. ప్రభుత్వం చేయవలసింది, ఆ కుటుంబం ముందుకు వచ్చి చెప్పినందుకు దానినే నేరంగా మార్చకపోవడం.

ఆ మరుసటి రోజు ఆ ఇంటికి వెళ్లాను. తల్లికి రెండు సంగతులు చెప్పాను. మొదటిది, ఆయుధం, పేలుడు పదార్థం, ప్రయాణం, డబ్బు సేకరణ, ఎవరినైనా చంపాలన్న పథకం, వీటిలో ఏ ఒక్కటి కంటబడినా ఆలోచించకుండా పోలీసులకు చెప్పి తీరాలి, నేను వెంట వస్తాను. అక్కడ దయకు తావు లేదు, ఎందుకంటే అవతల ఉన్నది మరో తల్లి బిడ్డ. రెండవది, అలా వెళ్లినప్పుడు చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు. అరెస్టు చేసినవారిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, కుటుంబానికి తెలియజేయాలి, న్యాయవాదిని కలవనివ్వాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాలను విడమరచి చెప్పింది. లాయరుకు డబ్బు లేకపోతే న్యాయసేవల సంస్థ 15100 నంబరు ఉంది, ఉచితం. ఆమె ఆ అంకెలను కుట్టుమిషను బల్ల మీద సుద్దతో రాసుకుంది.

కుర్రవాడికి మాత్రం చట్టం గురించే చెప్పాను. ఉపా చట్టం కింద అభియోగపత్రం లేకుండానే 180 రోజుల వరకు జైల్లో ఉంచవచ్చని, బెయిలు దొరకడం దుర్లభమని, ఎవరో పంపిన వీడియోను ఆలోచించకుండా ముందుకు తోయడం ఎక్కడికి దారితీస్తుందోనని. అల్ హుజురాత్ సూరాలో వార్తను విచారించుకోకుండా నమ్మవద్దన్న ఆదేశం అతనికి కంఠతా వచ్చు. "మరి ఈ వీడియో చేసినవాడి ఊరు, పేరు, చదువు నీకు తెలుసా బేటా?" అన్నాను. తెలియదన్నాడు. అతని దగ్గర నాకు సమాధానం తెలియని ప్రశ్నలు కూడా ఉన్నాయి. గాజాలో పిల్లలు చనిపోతుంటే ప్రపంచం ఏం చేస్తోందని అడిగాడు. హైదరాబాదులో ముస్లిం అని తెలిసి గది అద్దెకివ్వని రోజు ఎవరితో చెప్పుకోవాలని అడిగాడు. చదువు మానేయడానికి అసలు కారణం అదేనని అప్పుడే తెలిసింది. ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదట. ఈ ప్రశ్నలను తప్పని అనలేదు. వీటికి బాంబు జవాబు అని చెప్పేవాడి గురించి మాత్రం ఇబ్నె అబ్బాస్ కథ చెప్పాను. అతను ఒప్పుకోలేదు. వాదించాడు. లేచి వెళ్లిపోలేదు.

మా ఇమాం సాహెబ్ వయసులో చిన్నవారు, మాటలో నెమ్మది. తన వెనుక నమాజు చెల్లదన్న కుర్రవాడి గురించి చెబితే నవ్వి, "అయితే ముందు నన్నే అడగమనండి" అన్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం జుహర్ తర్వాత మస్జిద్ వరండాలో ఒక గంట కేటాయించారు. ఏ ప్రశ్నైనా అడగవచ్చు, ఎవరు అడిగారన్నది బయటికి పోదు. మొదటి వారం అతను రాలేదు. రెండో వారం వచ్చి గోడకు ఆనుకుని ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నాడు. మొన్న మూడో వారం మరో కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోనులో పదకొండు ప్రశ్నలు రాసుకొచ్చాడు. అసర్ అజాను వినిపించే వేళకు మూడోదాని దగ్గరే ఉన్నాం.